తువ్వాలు కింద చెయ్యి

మా బావ నూకయ్య బతుకంతా ఒకరు వాడిన బళ్లు ఇంకొకరికి అంటగట్టడంలోనే గడిచింది. అంటగట్టడం అన్నానని తెలిస్తే మా అక్క దుర్గ నా మీద కస్సుమంటుంది గానీ, నేను తిట్టడానికి అనడం లేదు. విజయనగరం నుంచి కొత్తవలస వెళ్లే రోడ్డు మీద ఆయనకో యార్డు ఉంది. పాత ట్రాక్టర్లు, ఆటోలు, వ్యాన్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. దాని పక్కనే నా స్పేర్ పార్టుల కొట్టు. ఆయన చెడ్డ బళ్లు అమ్మితే నాకు గిరాకీ. ఇన్నేళ్లలో ఆయన వల్ల నేను బాగుపడింది మాత్రం ఏమీ లేదు.

బండి చూడ్డంలో ఆయనకో పద్ధతి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి కళ్లు తెరిచి "తీసుకోండి" అంటాడు, లేదా ఏమీ అనకుండా టీ తాగడానికి వెళ్లిపోతాడు. జనం ఆ చేతిని నమ్మారు. నూకయ్య హస్తవాసి మంచిదని, ఆయన చెయ్యి పడితే బండి పదికాలాలు నడుస్తుందని కొత్తవలస వరకూ పేరు.

రెండో సంగతి తువ్వాలు. మా బావ తండ్రి సంతలో పశువుల బేరగాడు. అక్కడ ధర నోటితో చెప్పడం ఉండదు. చెబితే పశువుకి దిష్టి, పక్కవాడు వింటే బేరానికి చేటు. అందుకని ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. వేళ్లు పట్టి అడుగుతారు, ఎన్ని వేళ్లు పడితే అంత ధర. వేళ్లు విడిపించుకుని కాదంటారు. మొత్తం చెయ్యి గట్టిగా పట్టేస్తే బేరం కుదిరినట్టు. చుట్టూ వందమంది ఉన్నా ఏం జరిగిందో ఒక్కడికీ తెలియదు. పశువులు పోయి ట్రాక్టర్లు వచ్చినా మా బావ తువ్వాలు వదల్లేదు. ఆయన యార్డులో ఇప్పటికీ ధర గట్టిగా అరిచి చెప్పినవాడు మర్యాద తెలియనివాడి కిందే లెక్క.

ఇక జగన్నాధం గారి గురించి చెప్పాలి. రొయ్యలు విదేశాలకి పంపే పెద్ద వ్యాపారి. ఇప్పుడాయనకి ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, అద్దాల ఆఫీసు ఉన్నాయి గానీ, పుట్టింది మా బావతో పాటు వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం పక్క పల్లెలో. కుర్రతనంలో శివరాత్రి జాతరకి చక్రతీర్థ స్నానానికి వెళ్లి, ఏట్లో మొలలోతు నీళ్లలో నిలబడి ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. ఒకరి తువ్వాలు ఒకరు మార్చుకున్నారు. మా వైపు నేస్తరికం అంటే ఊరికే స్నేహం కాదు. కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు, "నేస్తం" అనే పిలవాలి. ఒకరింట్లో చావైతే ఇంకొకరు గుండు గీయించుకున్న సందర్భాలు నేను చూశాను.

జగన్నాధం గారు మొదటిసారి రొయ్యలు తోలిన డొక్కు వ్యాను మా బావ చెయ్యి పెట్టి చూసిందే. ఆ తర్వాత లారీలు, ఐసు బళ్లు, మొదటి కారు, రెండో కారు అన్నీ అంతే. కొన్న ప్రతిసారీ ఆయన బావకి ఒక కొత్త తువ్వాలు తెచ్చి భుజాన వేసేవారు. మా అక్క వాటిని పెట్టెలో దాచింది. పండక్కి ఒకటి తీసి ఇస్తుంది.

కానీ గత కొన్నేళ్లుగా కొత్త తువ్వాళ్లు రాలేదు. జగన్నాధం గారి కొడుకు వినోద్ చదువుకుని వచ్చాక బళ్లన్నీ షోరూముల నుంచే వచ్చాయి. చిన్నప్పుడు మా బావని "మావా" అని భుజాలెక్కిన పిల్లాడు ఇప్పుడు "నూకయ్య గారూ" అంటాడు. వాళ్ల పెద్ద కారు యార్డు ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోతే మా బావ అది కనబడనట్టు వంగి ఏదో బోల్టు బిగించేవాడు.

అలాంటిది ఒకరోజు కారు ఆగింది. జగన్నాధం గారు దిగి, "నేస్తం, విమానం కొంటన్నాను. సొంత విమానం" అన్నారు.

కొత్తది కావాలంటే ఏళ్ల తరబడి కాచుకోవాలట. ఇదేమో ఎవరో కంపెనీ వాళ్లు కొని రెండేళ్లే వాడారట. మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు, ఎనిమిది మంది కాళ్లు చాపుకుని కూర్చోవచ్చట. చూపించడానికి విశాఖ తెస్తున్నారట.

"ఇంజినీర్లు సూసేసినారు. అయినా గాని నీ సెయ్యి పడాల. నువ్వు రావాల" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం మా బావని చూడాలి. కొత్తవలసలో టీ కొట్టు నుంచి టైర్ల కొట్టు దాకా చెప్పుకుంటూ తిరిగాడు. "మా నేస్తం ఇమానం కొంటన్నాడు. సూడ్డానికి నన్ను రమ్మన్నాడు." నాకు నవ్వాగలేదు. "టైరు తన్ని చూస్తావా బావా? కిలోమీటర్లు వెనక్కి తిప్పారేమో కనుక్కో" అన్నాను. ఆయన నవ్వలేదు. "నాకు తెలీదని నాకు తెలుసురా. నన్ను పిలిసినాడు, అదీ సంగతి. ఇంకా నాను ఆడికి కావాల" అన్నాడు. నేను ఇక ఏడిపించలేదు. ఆయన చూడ్డానికి వెళ్తున్నది విమానాన్ని కాదు, ఆ నేస్తరికం ఇంకా నడుస్తోందో లేదో.

విమానం చూడ్డానికి వెళ్లే రోజు మా అక్క పెట్టెలోంచి అన్నిటికంటే మంచి తువ్వాలు తీసి ఇచ్చింది. బావ కారులో ఒకప్పటిలాగే వెనక సీట్లో జగన్నాధం గారి పక్కన కూర్చుని వెళ్లాడు. ముందు సీట్లో వినోద్, స్టీరింగ్ దగ్గర తెల్ల యూనిఫారంలో డ్రైవర్ ధర్మేంద్ర. ఆ తర్వాత జరిగింది కొంత ధర్మేంద్ర చెబితే విన్నాను, కొంత బావ నోట విన్నాను.

విమానం తెల్లగా, పెళ్లికి సున్నం వేసిన ఇల్లులా మెరుస్తోందట. అమ్మే కంపెనీ తరఫున శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాదు పిల్ల, మర్యాదస్తురాలు. అందరికీ చెప్పుల మీద తొడుక్కోవడానికి గుడ్డ సంచులు ఇచ్చారు. మా బావ ఆ గొడవ లేకుండా చెప్పులు మెట్ల కిందే విప్పేశాడు. "పర్వాలేదు అంకుల్, వేసుకోండి" అంది ఆ పిల్ల. "లచ్చిమి కదమ్మా" అన్నాడు ఈయన. ఆ పిల్ల నవ్విందట. మంచి నవ్వేనని బావ ఇప్పటికీ అంటాడు.

ఎక్కేముందు ఆయన తన పద్ధతి ప్రకారం విమానం ఒంటి మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ వెనకెక్కడో పైన ఉంది. అది ఆగి ఉంది. చేతికి చల్లటి రేకు తప్ప ఇంకేమీ తగల్లేదు. కళ్లు తెరిచి చెయ్యి తీసేసరికి ఐదు వేళ్ల గుర్తు పడి ఉంది. ఎవరో పనివాడు వచ్చి ఒక మెత్తటి గుడ్డతో ఆ గుర్తు తుడిచేశాడు. అది చూసి తనకి మొదటిసారి సిగ్గేసిందని బావ చెప్పాడు.

లోపల గోధుమ రంగు చెక్కపని, మీగడ రంగు తోలు సీట్లు. శ్రావణి అన్నీ చూపిస్తూ, "రెండేళ్లే వాడారండి, దాదాపు కొత్తదే. ఒక్క కంపెనీ చేతిలోనే ఉంది" అంది. యార్డులో తాను పొద్దున్న లేస్తే చెప్పే మాట అంత ఖరీదైన చోట వినబడేసరికి బావకి ప్రాణం లేచి వచ్చింది. తనకి తెలిసిన లోకంలోకి వచ్చిపడినట్టైంది. "మరెందుకు అమ్మేస్తన్నారమ్మా?" అని అడిగాడు. వాళ్లు ఇంకా పెద్దది కొన్నారని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. వినోద్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊపిరి గట్టిగా వదిలాడు. జగన్నాధం గారు మాత్రం "అడుగు నేస్తం, అడుగు" అని మెల్లిగా అన్నారు. అంత మెల్లిగా అనడమెందుకో బావకి అప్పుడు తట్టలేదు.

కాఫీలు ఇచ్చారు. బల్లకి ఒకవైపు శ్రావణి, ఎదురుగా తండ్రీ కొడుకులు, పక్కసీట్లో మా బావ. చుట్టూ విమానం నడిపేవాళ్లు, కంపెనీ మనుషులు నిలబడ్డారు. గుమ్మం దగ్గర పూలబుట్ట పట్టుకుని ధర్మేంద్ర. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక జగన్నాధం గారు, "ఇక ఆఖరి మాట సెప్పండమ్మా" అన్నారు.

ఆ పిల్ల ధర చెప్పడానికి నోరు తెరిచింది.

అంతే. ఇంతమంది మధ్య ధర నోటితో చెప్పేస్తోంది, బేరం చెడుతుంది, బండికి దిష్టి తగులుతుంది. మా బావ బుర్ర ఆలోచించేలోపే చెయ్యి కదిలింది. భుజం మీది తువ్వాలు చేతి మీద వేసుకుని, బల్ల మీదుగా చాచి, ఆ పిల్ల చెయ్యి పట్టేసుకున్నాడు.

శ్రావణి కెవ్వుమని చెయ్యి లాక్కుని లేచి నిలబడింది. కాఫీ కప్పు బోర్లా పడింది. మీగడ రంగు సీటంతా కాఫీ. "ఏం చేస్తున్నారు మీరు!" అంది. మా బావ కంగారులో ఆ తువ్వాలుతోనే సీటు తుడవబోయాడు. మరక ఇంకా పెద్దదైంది. కంపెనీ మనిషి ఒకడు వచ్చి ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "డాడీ, నేను ముందే చెప్పాను" అన్నాడు వినోద్.

ఒక్క మాట చాలు అప్పుడు. మా ఊళ్లో బేరం ఇలాగే ఆడతారమ్మా, ఈయన నా నేస్తం, తప్పుగా అనుకోకు అంటే ఆ పిల్ల అర్థం చేసుకునేది. కానీ జగన్నాధం గారు చేతులు జోడించి నవ్వారు. నోరు తెరిచేసరికి మా యాస కూడా మాయమైపోయింది.

"డ్రైవరండీ. మా డ్రైవరు. పల్లెటూరివాడు, ఏమీ తెలీదు. మీరేం అనుకోకండి."

అసలు డ్రైవరు గుమ్మంలో పూలబుట్టతో నిలబడే ఉన్నాడు. ధర్మేంద్ర ఆ మాట చెబుతున్నప్పుడు నా ముందు కూడా తలెత్తలేదు. "నాకే సచ్చిపోవాలనిపించినాది అన్నా" అన్నాడు.

మా బావ ఆ పిల్లకి దండం పెట్టాడు. "అవునమ్మా. డ్రైవర్నే. తప్పయిపోనాది" అని మెట్లు దిగిపోయాడు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి మండే నేల మీద వట్టికాళ్లతో నడుస్తుంటే, ధర్మేంద్ర వెనకాలే చెప్పులు తెచ్చి ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బావ వెనక సీటు వైపు వెళ్లలేదు. వినోద్ ఎక్కేలోపే ముందు తలుపు తీసుకుని డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. తండ్రీ కొడుకులు వెనక కూర్చున్నారు.

ఊరికి ఏదీ దాగదు. ఎవరు మోశారో గానీ, వారం తిరక్కుండా కొత్తవలస దాకా పాకింది. "ఏటి నూకయ్యా, ఇమానానికి డ్రైవర్వి అయిపోనావంట!" అని టీ కొట్టు దగ్గర పరాచికాలు. బావ కూడా వాళ్లతో పాటు నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను అక్కణ్నించి లేచి వచ్చేసేవాణ్ని. మా అక్క అయితే పెట్టెలోని తువ్వాళ్లన్నీ తీసి బయట పారేయబోయింది. "ఇంకేటి నేస్తరికం? తెంపేసుకో!" అని ఏడ్చింది. బావ వాటిని ఏరి మళ్లీ పెట్టెలో పెట్టాడు.

ఒకరోజు కొట్లో కూర్చుని తనంతట తనే చెప్పాడు. "డ్రైవరన్నాడని కాదురా త్రినాథూ. డ్రైవరు పనేటి తక్కువా? ఆ గుంట సెయ్యి లాక్కున్నప్పుడు దాని మొకం సూసినాను. నన్ను సూసి బయపడిపోనాది. నా కూతురంత పిల్ల. అంకుల్ అన్నాది. ఈ సెయ్యి సూసి బయపడిపోనాది." అరచేయి తిప్పి చూసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత ఆయన తువ్వాలు వేసుకోవడం మానేశాడు. ట్రాక్టర్ కోసం వచ్చిన రైతులు అలవాటుగా తువ్వాలు కప్పి చెయ్యి చాపితే, చేతులు వెనక్కి కట్టుకుని "నోటితో సెప్పేయండి బాబూ" అనేవాడు. వాళ్లు తెల్లబోయేవాళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టడమూ మానేశాడు. చెయ్యి పెట్టని నూకయ్య దగ్గర బండి కొనడమెందుకని గిరాకీ పల్చబడింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న జగన్నాధం గారి కారు యార్డు ముందు ఆగింది. విమానం కొనేశారని పేపర్లో ఫోటో కూడా వచ్చింది అప్పటికే. వినోద్ కారు దిగలేదు, అద్దం దించి ఫోను చూసుకుంటున్నాడు. గజపతినగరం వైపు నుంచి వచ్చిన రైతులిద్దరు ట్రాక్టర్ చూస్తున్నారు. నేను కొట్టు గుమ్మంలో ఉన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి కుర్చీ కూడా వెయ్యలేదు.

జగన్నాధం గారే వచ్చి బావ పక్కన బల్ల మీద కూర్చున్నారు. చేతిలో కొత్త తువ్వాలు ఉంది. దాన్ని విప్పి తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి బావ ముందుకి చాపారు. నోటితో మాత్రం ఒక్క మాటా లేదు.

బావ ఆ తువ్వాలు వైపు చూశాడు. చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.

"ఏటిది?"

"కొన్నప్పుడల్లా ఇస్తాను కదేటి. పూజ పెట్టినాము. నువ్వొచ్చి కొబ్బరికాయ కొట్టాల."

"అది కాదు. సెయ్యెందుకు దాసినావు?"

జగన్నాధం గారు చాపిన చెయ్యి అలాగే ఉంచారు.

"నన్ను డ్రైవరన్నది నోటితో అన్నావు. నలుగురిలో అన్నావు" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "ఇప్పుడు నువ్వు సెప్పాలనుకున్నదేటో అదీ నోటితోనే సెప్పు. తువ్వాలు తీసీ."

నేను లోపల్లోపల సంబరపడ్డాను. ఇన్నాళ్లకి అడిగాడు, బాగా అడిగాడు అనుకున్నాను. జగన్నాధం గారు తలెత్తి రైతుల వైపు చూశారు. నా వైపు చూశారు. కారు వైపు చూశారు. అంత పెద్దమనిషి మొహం అలా నల్లబడ్డం నేనెప్పుడూ చూడలేదు. చివరికి రైతులకి వినబడనంత మెల్లిగా అన్నారు గానీ, గుమ్మంలో ఉన్న నాకు వినబడింది.

"ఇక్కడొద్దు నేస్తం. కొడుకున్నాడు."

బావ ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత, ఇన్ని నెలలుగా ఎవరికీ ఇవ్వని చెయ్యి ఎత్తి ఆ తువ్వాలు కిందికి పోనిచ్చాడు. రెండో చేత్తో తువ్వాలు అంచు లాగి, రెండు చేతులూ బయటికి కనబడకుండా బాగా కప్పాడు. లోపల ఆయన చెయ్యి మొత్తంగా గట్టిగా పట్టేసుకున్నాడని భుజాలు చూస్తేనే తెలిసింది.

రైతుల్లో ఒకడు ఆసక్తిగా దగ్గరికి వచ్చాడు. "ఏటి బండి నూకయ్యా? బేరం కుదిరినాదేటి?"

"పాతదేరా" అన్నాడు బావ. "బాగానే నడుస్తాది."

కారు వెళ్లిపోయాక నేను ఊరుకోలేదు. "ఒక్క మాట నోటితో చెప్పించలేకపోయావా? నలుగురిలో మానం తీసి తువ్వాలు చాటున దండం పెడతాడా? నీకు సిగ్గు లేదా బావా?" అని కేకలేశాను.

ఆయన నా మొహం చూడకుండా ఆ కొత్త తువ్వాలు మడత పెట్టాడు. "తువ్వాలు కింద ఆడి సెయ్యి వణికిపోతన్నాదిరా. ఆడి నామోషీ అంతా నా సేతిలోకొచ్చీసినాది. నోటితో సెప్పు, అందరి ముందరా సెప్పు అని నానేటి సేసినాను? బేరం ఆడినాను. నేస్తం దగ్గిర బేరం ఆడినాను. ఇప్పుడా సిగ్గు కూడా నాదే."

"అయితే కొబ్బరికాయ కొట్టడానికి వెళ్తావన్నమాట" అన్నాను కాస్త వెటకారంగానే.

"ఎల్తాను. ఇమానం అప్పగించడానికి ఆ గుంట వస్తాదంట, ధర్మేంద్ర సెప్పినాడు. కనబడితే దూరంగా నిలబడి తప్పయిపోనాదమ్మా, మా కాడ బేరం ఇలాగాడతాం, నాకు తెలీక సేసినాను అని సెప్పాల. అందరూ వినేటట్టు సెప్పాల. అదొక్కటీ నోటితో సెప్పుకోవాల" అన్నాడు.

మడత పెట్టిన తువ్వాలు నా చేతిలో పెట్టి, "ఇది సూస్తే ఆ గుంట మళ్లీ బయపడతాది, నీ కొట్లోనే ఉంచు" అని ఇంటికి వెళ్లిపోయాడు. పూజ రోజున మా అక్క ఎంత చెప్పినా వినకుండా, తువ్వాలు లేని వట్టి భుజంతోనే కారెక్కాడు, ముందు సీట్లో.